నదీం తినగా మిగిలింది

"ఇది నా కోసం కోసిన కోడా అమ్మా?"

తాండూరు బౌద్ధ విహారంలో మంచాన పడ్డ ముసలి భిక్షువు, భంతే, గిన్నె మూత తియ్యకముందే అడిగాడు.

"మీ కోసమెందుకు కోస్త?" పక్కింటి రహీమాబీ చెయ్యి తిప్పింది. "మా నదీంకు కోసిన. మనవడు జర కమ్‌జోర్ ఉన్నడు, ఒంట్ల బలం లేదు. వాడు తినంగ మిగిలిన శేర్వా ఇది."

భంతే బీరన్న వైపు చూశాడు. విహారం చూసుకునే బీరన్న గడియారం వైపు చూశాడు.

"పగలు పన్నెండు దాటితే మళ్ల తిండి ముట్టరు మీరు. తాగుండ్రి."

భంతే తాగాడు.

టైఫాయిడ్ ఆయన్ని పీల్చి పిప్పి చేసింది. కడుపులో మాంసం పడకపోతే మనిషి దక్కడని వికారాబాద్ డాక్టరు చెప్పినా మొండి మనిషి వినలేదు. ఆ సంగతే ముందురోజు వాకిట్లో బీరన్న రహీమాబీకి చెప్పాడు.

"భిక్షల ఏదొస్తే అది తినొచ్చమ్మా, మాంసమైనా సరే. కానీ తన కోసం చంపిండ్రని చూసినా, విన్నా, అనుమానమొచ్చినా ముట్టద్దు. బీమారున్నడని ఊరంత తెలుసాయె, ఎవలు తెచ్చినా అనుమానమే."

"అయితే సచ్చిపోతడా?" అంది రహీమాబీ. వానాకాలం గడపడానికి వచ్చిన ఈయన, భిక్షకు పోతూ రోజూ ఆగి "తిన్నావా అమ్మా?" అని అడిగేవాడు. ఆమె తన వాకిట్లో తిరుగుతున్న కోళ్లను చూసింది. వాటి గుడ్లమ్ముకునే ఆమె బతికేది.

ఆ తర్వాత రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. నదీం ఇవాళ మారాం చేశాడనేది. ఎక్కాలు అప్పజెప్పి ఇంకో ముక్క అడిగాడనేది. వింటూ భంతే నవ్వడం మొదలుపెట్టాడు, తర్వాత లేచి నడిచాడు.

వెళ్లే రోజు స్టేషన్‌లో తన గొడుగు ఆమె చేతిలో పెట్టాడు.

"నదీంకివ్వమ్మా. బడికి తడవకుండా పోతాడు. వాడి వాటా తిని బతికాను."

రైలు కదిలాక ఇద్దరూ ఇంటికొచ్చారు. వాకిట్లో కోళ్ల గూడు ఖాళీగా ఉంది.

"గిప్పుడెట్ల బతుకుతవమ్మా?" బీరన్న కళ్లు తుడుచుకున్నాడు.

"ఫికర్ జెయ్యకు, ఏదో ఒకటి జేస్కుంట." గొడుగును గోడ మేకుకు తగిలించింది. "దీన్ని ఎవ్వలూ ముట్టద్దు. మా నదీంది."

రహీమాబీకి అసలు పెళ్లే కాలేదు.