సొంత గొంతు

“కాస్త మంచినీళ్ళు తెస్తారా?”

డబ్బింగ్ గదిలోంచి విసురుగా బయటికొచ్చిన హీరోయిన్, వరండాలో బెంచీ మీద కూర్చున్న ఆవిడని అడిగింది.

యాభై దాటిన మనిషి. భుజానికి బట్టసంచీ, మెడ చుట్టూ మఫ్లర్. స్టూడియోలో పనిచేసే మనిషే అయ్యుంటుందనుకుంది హీరోయిన్.

ఆవిడ లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

“ఇదేంటి, వెచ్చగా ఉన్నాయి?”

“చన్నీళ్ళు తాగితే గొంతు బిగుసుకుపోతుందమ్మా.” బొంగురు గొంతుతో మెల్లగా అంది ఆవిడ.

హీరోయిన్ సినిమాల్లోకి వచ్చి పదకొండేళ్ళు. ఆమె అందం గురించి, నటన గురించి పేపర్లవాళ్ళు రాయని మాట లేదు. గొంతు సంగతి మాత్రం వేరు. మొదటి సినిమాకే “మరీ పీలగా ఉంది” అని తేల్చేసి వేరేవాళ్ళ చేత చెప్పించారు. అదే అలవాటైపోయింది.

ఈసారి ఆమే పట్టుబట్టింది, నా మాట నేనే చెప్పుకుంటానని.

దర్శకుడు తల గోక్కున్నాడు. “సరే, శుక్రవారం దాకా చూస్తాను. కుదరకపోతే ఎప్పట్లాగే కానిచ్చేస్తా. అప్పుడు అలగకూడదు మరి.”

ఇవాళ అప్పుడే బుధవారం. పొద్దుట్నుంచీ ఒక్క డైలాగూ ఓకే కాలేదు. తెర మీది పెదవితో మాట కలిస్తే ఏడుపు రాదు, ఏడుపొస్తే పెదవి కలవదు.

“ఎందుకమ్మా ఇంత అవస్థ?” ఆవిడ అడిగింది. “హాయిగా ఎవరో ఒకరు చెప్పేస్తారుగా.”

ముక్కూమొహం తెలియని మనిషి. అయినా ఎందుకో చెప్పాలనిపించింది.

“మా నాన్నకి చూపు పోయి నాలుగేళ్ళయింది. అయినా నా సినిమా ఒక్కటీ వదలరు. మొన్న హాల్లో పక్కనే కూర్చుని, ‘నువ్వెప్పుడొస్తావమ్మా?’ అని నా చెవిలో అడిగారు. అప్పటికి సగం సినిమా అయిపోయింది. మొదటి సీను నుంచీ నేనున్నాను.”

ఆవిడ మెడ చుట్టూ మఫ్లర్ బిగించి కట్టుకుంది.

తర్వాత సంచీ సర్దుకుని లేచింది. “లోపలికి పదండమ్మా.”

అద్దం వెనక సౌండ్ ఇంజనీరు ఆవిడని చూసి ఏదో అనబోయాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

తెర మీద హీరోయిన్ మొహం పెద్దదిగా కనిపించింది.

“పెదవులు చూడకండి, కళ్ళు చూడండి. మీరు మాటకి ముందు ఎడమ కనుబొమ్మ కాస్త ఎత్తుతారు. అక్కడ అందుకోవాలి.”

హీరోయిన్ ఆశ్చర్యంగా చూసింది. నిజమే. ఇన్నేళ్ళలో అద్దంలో కూడా గమనించుకోలేదు.

“కోపమొస్తే ముందు గాలి వదిలి, తర్వాత మాట్లాడతారు. ఏడుపొస్తే గుటక మింగుతారు. అదిగో, అక్కడ! ఆ గుటక కూడా వినపడాలి.”

“ఇవన్నీ మీకెలా తెలుసండీ?”

“చూడగా చూడగా తెలుస్తాయమ్మా.”

గురువారం ఆరు సీన్లు ఓకే అయ్యాయి. ఏడోదాని దగ్గర హీరోయిన్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పడేసింది.

“నా వల్ల కాదు. అందరూ అన్నట్టు నాది పీల గొంతే.”

“పీల గొంతు కాదమ్మా, భయపడ్డ గొంతు.” ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి మళ్ళీ ఆమె చేతికే ఇచ్చింది. “ఎదురుగా మైకు ఉందని మర్చిపోండి. మీ నాన్నగారు కూర్చున్నారనుకోండి. ఆయనకి చెప్పండి.”

శుక్రవారం ఆఖరి సీను. రెండు నిమిషాల డైలాగు.

ఒకే టేకు.

చెప్పడం అయిపోయింది. ప్రతిదానికీ “ఇంకొక్కటి” అనే దర్శకుడు ఆ మాటే మర్చిపోయాడు.

హీరోయిన్ సంబరంగా వరండాలోకి పరిగెత్తింది.

బెంచీ మీద ఎవరూ లేరు.

సినిమా విడుదలైన రోజు నాన్న పక్కనే కూర్చుంది. హాల్లో దీపాలు ఆరాయి. తెర మీద ఆమె మొదటి మాట పలికింది.

నాన్న చెయ్యి చీకట్లో తడుముకుంటూ వచ్చి ఆమె చేతిని గట్టిగా పట్టుకుంది.

“వచ్చావా తల్లీ!”

సినిమా అయిపోయేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె తిన్నగా స్టూడియోకి వెళ్ళింది.

“వరండాలో కూర్చునేవారే, మఫ్లర్ కట్టుకుని, ఆవిడ ఇల్లెక్కడ? నాన్న నన్ను గుర్తుపట్టారని చెప్పాలి. కాళ్ళకి దణ్ణం పెట్టుకోవాలి.”

ఇంజనీరు మెల్లగా లేచి నిలబడ్డాడు.

“ఊరు వదిలేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారమ్మా. ఇక్కడ నా పని అయిపోయిందని నవ్వుతూ చెప్పారు. ఏ ఊరో అడిగితే చెప్పలేదు.”

“అదేంటి, ఉద్యోగం మానేశారా?”

“ఆవిడ ఇక్కడ ఉద్యోగి కాదు. మీకు కుదరకపోతే తను చెప్పాలని దర్శకుడుగారు పిలిపించారు. బయట ఆ బొంగురు గొంతే గానీ, మైకు ముందు నిలబడితే ఇరవయ్యేళ్ళ పిల్లయిపోతారు.”

“మరి ఆ మాట నాకెవరూ చెప్పలేదే!”

“మీకు చెప్పొద్దని ఆ మూడు రోజులూ నన్నూ దర్శకుడుగారినీ బతిమాలారు,” అన్నాడు ఇంజనీరు. “పదకొండేళ్ళుగా ప్రతి సినిమాలో మీ గొంతు ఆవిడేనమ్మా.”