గోడ మీద ఆకు

బెజవాడలో ఇప్పుడు ఏ ఇంటి గోడ తెర మీదైనా కరెంటాఫీసు వాళ్ళ పచ్చటి ఆకు వెలిగిందంటే, కాసేపట్లో కరెంటు పోతుందని అర్థం. జనం గబగబా బిందెలు నింపుకుంటారు, లిఫ్టుల్లోంచి దిగిపోతారు. ప్రసూన అత్తగారు తన ఆక్సిజన్ మిషన్‌ని బ్యాటరీకి మార్చుకుంటుంది. ఆ బ్యాటరీ ఒకసారి వాడితే మళ్ళీ నిండడానికి రోజంతా పడుతుంది.

ప్రసూన లోగోలు గీస్తుంది. ఈసారి పని ఇచ్చింది, సౌరవిద్యుత్తు మీద సలహాలు చెప్పే కంపెనీ.

"ఆకే పెట్టండమ్మా. పచ్చగా వెలగాలి," అన్నాడు యజమాని చక్రధర్.

"ఆకు చూస్తే జనానికి గుండె దడండీ. సూర్యుణ్ణి గీస్తాను."

"దడ పుట్టాలనే కదమ్మా! కరెంటు గురించి బెంగపడేవాడే మా దగ్గరికొస్తాడు."

తేడా తెలియాలని ప్రసూన ఆకు కొనకి చిన్న వంపు పెట్టింది. ఎలా ఉందో చూద్దామని హాలు గోడ తెర మీద వేయగానే, వంటింట్లోంచి అత్తగారు ఆయాసపడుతూ మిషన్ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. చక్రధర్‌కి ఆ కాస్త వంపు కూడా నచ్చలేదు, తీసేయమన్నాడు. ఉన్న ఒక్క పనీ పోతుందని ప్రసూన తీసేసింది.

వారం తిరక్కుండా ఊళ్ళో గోడలన్నిటి మీదా ఆ ప్రకటనే. మొదట్లో జనం పరుగులు పెట్టారు. తర్వాత మానేశారు.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో ఆకు వెలిగింది. బ్యాటరీ వైరు చేత్తో పట్టుకుని అత్తగారు అడిగింది.

"ప్రసూనా, ఇది నువ్వు గీసిన ఆకా, కరెంటు పోయే ఆకా?"

తిరుగుతున్న ఫ్యాను ఆగుతుందేమోనని ప్రసూన దాని వంకే చూస్తూ నిలబడిపోయింది.