పరీక్ష జరిగే వేళ

ఉదయం ఆరూ ఇరవైకి ఓదెలు వంటింట్లో గుండెపోటుతో చనిపోయాడు. పక్క గదిలో కూతురు హారిక మెడలో వేసుకున్న యంత్రం అడిగే ప్రశ్నలకు జవాబులు చెబుతోంది. రాత పరీక్షకు బదులు ఏడాదిపాటు రోజూ పొద్దున ఇంట్లోనే సాగే ఈ పరీక్షతోనూ కాలేజీ సీటిస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ వేళలో మరో గొంతు వినిపిస్తే, ఎవరో జవాబు అందించారని ఆ రోజు మార్కులు తీసేస్తారు. అందుకని తొమ్మిది నెలలుగా పొద్దున పూట ఇంట్లో అందరివీ సైగలే.

"చాయ్ కావాల్నంటే కోతి లెక్క చేతులూపుతడు మీ నాయిన," అని తల్లి నవ్వేది.

ఆరున్నరకు ప్రశ్నలయ్యాక హారిక వంటింట్లోకి వచ్చింది. తండ్రి గోడకు ఆనుకుని ఉన్నాడు. నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు.

"ఒక్క కేక పెడితే ఏమైతుండె నాయినా? ఒక్క దినం మార్కులే గద," అంది ఆ తువ్వాలు తీస్తూ.

సాయంత్రం ఫలితం వచ్చింది. ఆ రోజు మార్కులు పూర్తిగా పడ్డాయి.