కిటికీలో చెయ్యి

"పొగ అంటే అదీ పొగ!" అన్నాడు మాస్టారు, జీపు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి. "సన్నగా మొదలైంది. తీశాను. బాలేదు. ఆగాను. కాస్త చిక్కబడింది. ఇంకా ఆగాను. ఫొటో అంటే ఆగడమే తల్లీ!"

వెనక సీట్లో కూర్చున్న శిష్యురాలు తలూపింది. ఈ కథ వినడం ఎన్నోసారో ఆమెకే గుర్తు లేదు. విన్న ప్రతిసారీ పళ్లు బిగబట్టి, పెదాలతో మాత్రం నవ్వేది.

ఆ బొమ్మ తెలియని వాళ్లు తక్కువ. పచ్చటి లోయ, నడుమ ఒంటరి మేడ ఇల్లు, కప్పు మీద పొగ, పై కిటికీలోంచి చెయ్యి ఊపుతున్న ఆడమనిషి. క్యాలెండర్ల మీదికెక్కింది. బిస్కెట్ డబ్బాల మీదికెక్కింది. ఇందాక టీ తాగిన కొట్టు గోడ మీదా ఉంది. దాని కింద నిలబడి మాస్టారు తన ఫొటో తీయించుకున్నాడు కూడా.

"ఆవిడ ఎవరో తెలుసాండీ?" అడిగాడు డ్రైవరు, గేరు మారుస్తూ.

"ఎవరైతే ఏంటయ్యా! పొద్దున్నే పొయ్యి వెలిగించుకుని ఉంటుంది. కొండ మీద నన్ను చూసింది. పల్లెటూరి వాళ్లు కదా, కెమెరా కనబడితే సంబరం. ఆపకుండా ఊపుతూనే ఉంది. పాపం, నేనూ ఊపాను."

"కిందికి దిగి పలకరించారా?"

"దిగితే వెలుతురు పోదూ?"

శిష్యురాలు మొహం బయటికి తిప్పుకుంది.

ఆ ఆడమనిషి ఆమె అమ్మ. మాస్టారుకి ఆ సంగతి తెలియదు. ఆమె తెలియనివ్వలేదు. ఆ రోజు తను మేనత్త ఇంట్లో ఉంది. ఇవాళ తన దగ్గర అమ్మ ఫొటో అదొక్కటే, అదీ ఎవరి ఇంట్లోనో పాత క్యాలెండరు నుంచి చించుకున్నది. ఆ బొమ్మతో మాస్టారు మేడలు కట్టాడు, మెడలో దండలు వేయించుకున్నాడు. కొండ దిగి ఆ గడప తొక్కి, "అమ్మా, నీ పేరేంటి?" అని అడిగిన పాపాన మాత్రం పోలేదు.

పాము పగ పన్నెండేళ్లంటారు. ఈమె అంతకు మించే మోసింది. కెమెరా పట్టడం నేర్చుకుంది. ఆయన దగ్గరే చేరింది. సంచులు మోసింది, తిట్లు తింది, "మా మాస్టారు" అని నలుగురిలో పొగిడింది. ఆ చేతికి ఈయన చేత బదులు చెప్పించాలి. ఎలాగో మాత్రం తట్టలేదు. ఇక వ్యవధి కూడా లేదు. మోకాళ్లు మొరాయిస్తున్నాయనీ, కొండలకు ఇదే ఆఖరి రాకనీ మాస్టారు తేల్చేశాడు. ఇవాళ దాటితే ఆయన తన పడక్కుర్చీలో, ఈమె పగ ఈమె కడుపులో.

జీపు ఏటి మలుపులో ఆగింది.

"ఎగువన మబ్బు కమ్మింది సార్," అన్నాడు డ్రైవరు. "అక్కడ వాన పడితే ఈ ఏరు చెప్పి రాదు. ఒడ్డు నుంచే కానిచ్చెయ్యండి."

"ఒడ్డు నుంచైతే మీ బావమరిది కూడా తీస్తాడు!"

మాస్టారు ప్యాంటు మడిచాడు. కెమెరా స్టాండు భుజాన వేసుకుని, రాళ్ల మీద అడుగులేసుకుంటూ వెళ్లి, ఏటి నడుమ ఉన్న పెద్ద బండ ఎక్కాడు.

"ఎగువన ఓ కన్నేసి ఉంచు తల్లీ! నీళ్ల రంగు మారితే కేకెయ్యి!"

"అలాగే మాస్టారూ!"

డ్రైవరు వదులైన జీపు చక్రం బిగించుకోవడానికి రోడ్డు మీదికి ఎక్కాడు.

నీళ్ల రంగు మారింది. ముందు టీ రంగు, ఆ పైన ఎర్రమట్టి రంగు. పుల్లలు కొట్టుకొచ్చాయి, వాటి వెనక కొమ్మలు. మాస్టారు కెమెరాకి కన్ను అంటించి దిగువకు చూస్తున్నాడు. ఆమె నోరు తెరవలేదు. సంచిలోంచి తన కెమెరా తీసింది.

దాటి వెళ్లిన రాళ్లు ఒక్కొక్కటే మునిగాయి. అప్పుడు వెనక్కి చూశాడు మాస్టారు. అరిచాడు. ఏటి హోరు ఆ అరుపును మింగేసింది. చెయ్యెత్తి ఊపాడు. రెండు చేతులూ ఎత్తి ఊపాడు. స్టాండు జారి నీళ్లలో పడితే దానికేసి చూడను కూడా లేదు.

రోడ్డు మీది డ్రైవరుకి పొదల మీదుగా ఆ చేతులే కనబడ్డాయి. "ఏంటమ్మా, మాస్టారు ఊపేస్తున్నాడు?"

"ఏం లేదన్నా! కెమెరా కనబడితే సంబరం!"

"ఈ వయసులోనా!" నవ్వుకుంటూ మళ్లీ చక్రం ముందు కూలబడ్డాడు డ్రైవరు.

ఆమె ఒక ఫొటో తీసింది. బాలేదు. ఆగింది. నీళ్లు బండ అంచు దాటి ఆయన పాదాల మీదికి ఎక్కాయి. అప్పుడు తీసింది. తర్వాత కెమెరా దించి, ఆయనకు బాగా కనబడేలా చెయ్యెత్తి, నిదానంగా, మర్యాదగా, తనూ ఊపింది.

ఆనాటి పొద్దున ఆ ఇంట్లో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. కింద మెట్లు అంటుకుంటే, మేడ మీద చిక్కుకుపోయిన అమ్మ, కొండ మీద కనబడిన ఒకే ఒక్క మనిషిని కాపాడమని పిలిచింది.