వాన నీళ్ల గుంత

కొత్తకోటలో పాత లారీలు విప్పే గులాం రసూల్‌కు లైసెన్సు ఆగిపోయింది. ఆయిలు కలిసిన వాన నీళ్లు పక్క పొలాల్లోకి పోకుండా గుంత కట్టించాడు. అయినా దాని మీద ఇనుప జాలీ లేదని, తనిఖీకి వచ్చిన రెబెకా మేడం సంతకం పెట్టలేదు.

“రూలుల జాలీ ముచ్చటే లేదు. మీకేం గావాల్నో సీదా చెప్పుండ్రి మేడం,” అన్నాడు కోపంగా.

“జాలీయే గావాలె,” అన్నదామె.

తిట్టుకుంటూనే వేయించాడు.

మళ్లీ వచ్చిన రోజు ఆమె జాలీ మీదికెక్కి, నడుమ నిలబడి గట్టిగా తొక్కి చూసింది. దిగి సంతకం పెట్టింది.

“ఈడ పడెటోళ్లు ఎవరున్నరు మేడం?”

“పెబ్బేరుల మిల్లోళ్లు గూడ గట్లనే అన్నరు రసూల్ భాయ్. బంతి కోసం ఉరికిన మా పిలగానికి, వాళ్ల నిండిన గుంత సాపు వాకిలి లెక్కనే కనవడ్డది.”