ఇసుకలో తొమ్మిదిమంది

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన నాలుగేళ్ళకు కాలిఫోర్నియా సముద్రతీరంలో యుద్ధం సినిమా తీస్తున్నారు. పసిఫిక్ దీవుల్లో నిజంగా పోరాడి వచ్చిన సార్జెంట్ ట్రాంటర్‌ను నటులకు సైనికుల తీరు నేర్పడానికి పెట్టుకున్నారు.

పొద్దుటినుంచీ అతను అందరినీ తిడుతూనే ఉన్నాడు. లైల్ అనే నటుడికైతే తిట్లు మరీ ఎక్కువ పడ్డాయి.

"తూటా తగిలినోడికి గుండెమీద చెయ్యేసుకునే తీరికుండదురా లైల్. నువ్వు చచ్చేది తూటాకి, ప్రేమకి కాదు."

మళ్ళీ తీశారు. సైనికుల వేషాల్లో ఉన్న తొమ్మిదిమంది నటులూ పరుగెత్తుతూ వచ్చి ఇసుకలో కూలిపోయారు.

"బాగుంది. చచ్చినవాళ్ళంతా లేవండి, భోజనాలు," అన్నాడు డైరెక్టరు.

అందరూ నవ్వుకుంటూ ఇసుక దులుపుకుని లేచారు. ట్రాంటర్ ఉన్నచోటే చతికిలబడ్డాడు. లైల్ కంగారుగా దగ్గరికి వచ్చాడు.

"ఏమైంది సార్? ఈసారీ సరిగ్గా చావలేదా?"

"బాగానే చచ్చావు."

"మీవాళ్ళు గుర్తొచ్చారా?"

ట్రాంటర్ సముద్రం వైపు తిరిగాడు.

"మావాళ్ళూ ఇలాగే ఇసుకలో బోర్లా పడుకుని ఉన్నారు. పిరికి వెధవల్లారా, లేవండని నేనే అరిచాను. నేనంటే భయం కదా, ఒక్కడూ ఎదురుచెప్పకుండా లేచారు. అప్పటిదాకా అందరూ బతికే ఉన్నార్రా."