తొట్టిలో పానకం

ఆ రోజుల్లో భీమిలి తీరాన ఇంటికో తొట్టి ఉండేది. సముద్రపు నీళ్లు తోడి పోస్తే, అందులోని కంటికి కనబడని జీవులు నీటిమీద తేలే చమురంతా తినేసేవి. తేరిన నీళ్లలో రొయ్యపిల్లలను పెంచేవారు.

తెల్లారితే రొయ్యపిల్లల బండి వస్తుంది. తొట్టి తేరకపోతే ఈ పంట లేనట్టే. చమురు తెట్టు మాత్రం పొద్దుటి నుంచీ ఉన్నది ఉన్నట్టే ఉంది. కోడలు దానమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

"అత్తా, తొట్టిలో ఏటైనా పోసినావా?"

పోలమ్మ తలొంచుకుంది. "శ్రీరామనవమి కదే అమ్మా. ఏడాదంతా మనకి సాకిరీ సేస్తన్నాయని సెంబుడు పానకం పోసినాను."

"అయ్యో! తీపి దొరికినాక అవి చమురు ముట్టుకుంటాయేటి?"

"నువ్వు ముట్టుకున్నావేటి? రెండు గళాసుల పానకం తాగేసి, కాకరకాయ కూర సట్టిలోనే ఒగ్గేసినావు."

దానమ్మకు నవ్వాగలేదు. ఇద్దరూ తొట్టి గట్టుమీదే కూర్చున్నారు. దీపాలవేళకు తెట్టు నడుమ రూపాయిబిళ్లంత మేర నీరు తేటపడింది. చూస్తుండగానే అది పళ్లెమంత అయింది.

"ఆటి పానకం అయిపోనాది," అంటూ పోలమ్మ లేచింది. "రా, మనమూ కాకరకాయ తినేద్దాం."